రెడ్ వైన్ రుచికే గాని, గుండెకు మందు కాదు

బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకొంటున్న మన పిల్లలు సెలవులకు అనంతపురం వస్తూ ఒక సీసా రెడ్ వైన్ తేవడం ఈమధ్య పరిపాటి అయింది. "గుండెకు మంచిది నాయనా" అంటూ తండ్రి చేతిలో పెడతారు. ఆ సీసా కన్నా ఆ మాటతోనే నాకు పేచీ.

గ్రెనాష్ అనే ద్రాక్షనే తీసుకోండి. స్పెయిన్‌లో దీనిని గార్నాచా అంటారు. ఎండకూ, నీటి ఎద్దడికీ ఓర్చుకొనే తీగ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతుకు వెళ్లదీసే మన సీమవారికి దాని స్వభావం పరాయిదిగా తోచదు. ఫ్రాన్సులో పేరుమోసిన షాటోనెఫ్ డ్యు పాప్ ఎర్ర వైన్లకు ఎక్కువగా ఇదే ఆధారం. దీని తొక్క పలుచన, రంగు లేత. మేలైన వైన్ కొన్నేళ్లు సీసాలో నిలిస్తే అంచున ఇటుక రంగు తిరుగుతుంది. వగరు మెత్తబడి, తాజాపండు వాసన పోయి ఎండు అంజూర, మసాలా దినుసుల పరిమళం వస్తుంది. ఒక్క గుటకను నోట నిలిపి ఆ రుచిని ఆస్వాదించేవారిని చూసి నేను ముఖం చిట్లించుకోను.

అయితే ఈ ద్రాక్ష బాగా పండితే చక్కెర ఎక్కువ. అది పులిస్తే ఆల్కహాలూ ఎక్కువే. 14.5 శాతం ఉన్న వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే దాదాపు 17 గ్రాముల ఆల్కహాలు లోపలికి పోతుంది. సీసాలో ఏళ్లు గడిచినా అది తగ్గదు. గొంతు దిగడం సులువైన కొద్దీ రెండో గ్లాసు చేరువవుతుంది!

కొవ్వు బాగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు వైన్ కారణం కావచ్చునని 1992లో సెర్జ్ రెనో 'లాన్సెట్' పత్రికలో రాశారు. అటువంటి పరిశీలనల్లో ఒక చిక్కుంది. 'తాగనివారి' జాబితాలో జబ్బుపడి మానుకొన్నవారూ చేరితే, కొద్దిగా తాగేవారు వారికన్నా ఆరోగ్యవంతులుగా కనబడతారు. ఇక రెస్వెరట్రాల్ అంటారా, లీటరు వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

కనుక ఎన్నడూ తాగని పెద్దలకు గుండె పేరు చెప్పి కొత్తగా అలవాటు చేయకండి. ముఖ్యంగా చక్కెర జబ్బుకు గ్లిమెపిరైడో, ఇన్సులినో వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే, కాలేయం ఆల్కహాలును వదిలించుకొనే పనిలో పడి రక్తానికి చక్కెరను సరిగా అందించలేదు. రాత్రివేళ షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాట తడబడితే, చెమటలు పడితే ఇంటివారు వైన్ మత్తేనని నిద్రపుచ్చకుండా వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి.