కాడి విప్పు వేళ

పల్లెటూరి సేద్యము నెరిగినవారందరికి ఒక సంగతి తెలియును. ఎంత తొందరపనియైనను, పదును దప్పునను భయమున్నను, ఎండ నడినెత్తి కెక్కినప్పుడు రైతు కాడి విప్పును. ఎడ్లను చెట్టునీడకు దోలి, కుడితి పెట్టి, కొంతసేపు నెమరు వేయనిచ్చును. అది జాలి మాత్రమే కాదు, లెక్క కూడ. విప్పని ఎద్దు సాయంకాలమునకు సాలు తప్పుననియు, మరునాడు కాడి క్రిందికే రాదనియు వాడెరుగును. కనుమనాడు కాకియైనను కదలదని సామెత చెప్పుకొన్న జాతి మనది. అట్టి జాతిలో బుట్టి, నాలుగక్షరములు నేర్చి పట్టణములు జేరిన మనము, ఎద్దునకిచ్చిన పాటి విశ్రాంతినైన మన మనస్సున కిచ్చుచున్నామా?

ఈ ప్రశ్న నొరుల నడుగుటకు ముందు నన్ను నేనే యడుగుకొనవలసి వచ్చినది. నేను న్యాయవాదిని. పగలు కోర్టు, సాయంకాలము కక్షిదారులు, రాత్రి దస్త్రములు, ఆదివారము ప్రజాకార్యములు. ఇట్లు పదునెనిమిదేండ్లు గడచినవి. నిద్ర తక్కువగుటయే ఘనతయని తలచితిని. రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఒక వృద్ధురాలు తన రెండెకరముల తగాదాను గూర్చి నా కడకు వచ్చినది. తెల్లవారుజామున బస్సెక్కి, దినమెల్ల కోర్టు వరండాలో గూర్చుండి, పిమ్మట నా యింటికి నడచివచ్చినది. ఆమె చెప్పినదే మరల చెప్పుచున్నదని నేను గద్దించి కేకలు వేసితిని. నిజమునకు ఆమె మొదట చెప్పినది నా చెవికి సోకనే లేదు. ఒకే పుటను మూడుమారులు చదివియు అందేమున్నదో యెరుగని స్థితిలో నేనుంటిని. ఆమె కోపింపలేదు. నా ముఖము వంక జూచి, “అన్నం తిన్నావా నాయనా?” అని యడిగినది. నాడు మధ్యాహ్నము భోజనము చేయలేదన్న సంగతి నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఏ బీదల కొరకు శ్రమించుచున్నానని అనుకొనుచుంటినో, ఆ బీదల రాకయే నాకు విసుగైపోయినదని యా రాత్రి గ్రహించితిని.

ఈ స్థితి నా యొక్కని బలహీనత కాదు. 1974లో న్యూయార్కు నగరపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరు దీనిని గూర్చి యొక వ్యాసము వ్రాసి, ‘బర్నౌట్’ అను మాటను శాస్త్రములోనికి దెచ్చెను. మన భాషలో జెప్పవలెనన్న, చమురు ముగిసిన ప్రమిదలో వత్తియే కాలిపోవుట. ఆయన దీనిని గనిపెట్టినది ఎక్కడ? ధనాశతో పరుగులెత్తు వర్తకులలో గాదు. బీదలకు ఉచితముగా వైద్యము చేయు శాలలో, ఆదర్శముతో వచ్చి పనిచేసిన స్వచ్ఛంద సేవకులలోను, తనలోను. ఎవరు హృదయపూర్వకముగా పనికి పూనుకొందురో వారే ముందుగా కాలిపోవుచున్నారన్న మాట! ప్రజాసేవకు దిగు ప్రతి యువకుడును ఈ సంగతిని మరువరాదు.

2019లో ప్రపంచారోగ్య సంస్థ దీనిని వ్యాధిగా గాక, పనికి సంబంధించిన పరిస్థితిగా బేర్కొని మూడు లక్షణములు చెప్పినది. శక్తియంతయు హరించుకొనిపోయినట్లుండుట మొదటిది. చేయు పనిపై మనసు విరిగి, ఏవగింపు కలుగుట రెండవది. పనిలో సామర్థ్యము తగ్గుట మూడవది. పని స్థలమునందలి ఒత్తిడి దీర్ఘకాలము సాగి, దానిని సరిగా నిర్వహింపనందున ఇది కలుగునని కూడ నా సంస్థ చెప్పినది. కావున అలసినవానికి ‘గుండె దిటవు చేసికొమ్ము’ అని హితవు చెప్పి యూరకుండుట చాలదు. పని పెట్టువాని వంకకు గూడ చూపు త్రిప్పవలెను.

దేశము కొరకు గంటలు లెక్కింపక పనిచేయుడని బోధించు పెద్దలు నేడు కలరు. 2023లో ఒక ప్రఖ్యాత పారిశ్రామికుడు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలె ననెను. 2025 ఆరంభమున మరియొకరు 90 గంటలనిరి. ఆదివారమైన లేక ఏడు దినములును పనిచేసినను దినమునకు దాదాపు పదమూడు గంటలు! ఇక భార్యాబిడ్డలతో మాటలాడుట యెప్పుడు? పత్రిక చదువుట యెప్పుడు? పౌరుడుగా నాలోచించుట యెప్పుడు? వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారికన్న, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము నూటికి 35 వంతులును, గుండెజబ్బుచే మరణించు ప్రమాదము 17 వంతులును హెచ్చని ప్రపంచారోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి. ఇట్టి దీర్ఘశ్రమ వలన 2016వ సంవత్సరమున ప్రపంచమునందు 7,45,000 మంది మరణించిరని వాని యంచనా. దేశభక్తి పేరిట దేశపు ప్రాణములనే ధారపోయుట ఏ లెక్క?

పనిగంటలకు హద్దు ఎవరో దయదలచి యిచ్చిన దానము కాదు. నారాయణ మేఘాజీ లోఖండే మొదలగువారి పోరాట ఫలముగా 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు వారమున కొకదినము సెలవు దొరకినది. 1922 నాటి చట్టము వారమునకు 60 గంటలును, 1934 నాటి చట్టము 54 గంటలును హద్దు పెట్టగా, 1946 నాటి సవరణ దానిని 48 గంటలకు దింపినది; స్వతంత్ర భారతము 1948లో ఆ హద్దునే నిలిపినది. అర్ధశతాబ్దికి పైగా దించుకొనుచు వచ్చిన కాడి యిది. 2025లో మన రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును దినపు పనిని పది గంటలవరకు పొడిగించుటకు పూనుకొనినవి. తెలంగాణ యుత్తరువు వారమునకు 48 గంటల హద్దును నిలిపిన మాట నిజమే. కాని దినపు హద్దు జరిగినప్పుడు వారపు హద్దును కాపాడుకొను మెలకువ పనివారికి ఉండవలెను.

మరి ఫ్యాక్టరీ గంట వినబడని మన సంగతి యేమి? గుమాస్తా, ఉపాధ్యాయుడు, వైద్యుడు, కంప్యూటరు కంపెనీ యుద్యోగి, వకీలు. వీరందరి చేతిలోను ఫోనున్నది. అది యింటివరకు వచ్చిన పని కాడి. అర్ధరాత్రి వాట్సాపు సందేశమునకు ప్రత్యుత్తర మీయకున్న అవిధేయత యగుచున్నది. ఫ్రాన్సు దేశమున 2017 నుండి, పనివేళ దాటిన పిదప ఫోనునకు దూరముగా నుండు హక్కును గూర్చి ఉద్యోగులతో చర్చింపవలసిన బాధ్యతను చట్టము పెద్ద సంస్థలపై నుంచినది. మనకట్టి చట్టము వచ్చుదాక చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా?

వలదు. మన చేతిలోనిది మనము చేయవచ్చును. ఆ వృద్ధురాలు వచ్చి వెళ్లిన పిమ్మట నేను మొదట సవరించుకొన్నది నా నిద్ర కాదు. నా జూనియర్ల వేళలు. నేను మేల్కొనియున్నానను గర్వముతో ఆ పిల్లలను రాత్రి పదకొండువరకు గూర్చుండబెట్టుచుంటిని. ఇప్పుడు ఎనిమిది గంటలకు వారిని పంపివేయుదును. ఆపైన అత్యవసరము లేనిదే ఫోను చేయను. ఆదివారములలో రెండు మాత్రమే సభలకు. తక్కిన రెండును ఇంటికి. వ్యవహారములు చెడలేదు, వాయిదాలు మరచుట తగ్గినది. పనివారు గల ప్రతి పెద్దయు ఈ పాటి చేయగలడు.

అయినను నిద్ర పట్టక, దిగులు వారముల తరబడి వదలక, బ్రతుకుపై విరక్తి పుట్టినచో, అది విశ్రాంతితో మాత్రమే పోవునది కాదు, వైద్యుని జూడవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ మారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా సలహా దొరకును. జ్వరమునకు వైద్యుని యొద్దకు బోవుటలో లేని సిగ్గు దీనికేల?

సోదరులారా! చేయవలసిన పని కొండంత యున్నది. అది ఒక్క తరముతో తీరునది కాదు. కావుననే ఈ రాత్రి దీపము తగ్గించి నిదురింపుడు. మీ క్రింద పనిచేయువానిని గూడ ఇంటికి పంపుడు. వాని కొరకు అన్నము మూతపెట్టి ఎవరో ఎదురుచూచుచున్నారు.