వినటానికి కూడా కాలేజీయా?



ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వెళ్ళకుండా గుమ్మం పక్కనే నిలబడి ఉన్నారు. అందరూ చేతులు కలిపి వెళ్ళిపోయాక దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీరొక్కసారి మా అమ్మాయితో ఫోనులో మాట్లాడాలండీ. నా మాట చెవిన పెట్టటం లేదు. మీరు చెబితే వింటుంది" అన్నారు.

ఆ అమ్మాయి అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉంటుంది. నేను ఈ సంఘానికి వచ్చేనాటికే పెళ్ళయి వెళ్ళిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు చూడటమే గాని ఎక్కువ మాట్లాడింది లేదు. ఇక్కడ బీఎస్సీ చదివింది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసుకు వచ్చారు. గ్రీన్ కార్డు వచ్చింది. ఇప్పుడేదైనా ఉద్యోగం చేసుకోవచ్చు. అల్లుడు కంప్యూటరు కోర్సు చేయమన్నాడట. ఆమె మాత్రం ఇంటికి దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో 'హ్యూమన్ సర్వీసెస్' అనే చదువులో చేరింది.

"అరెకరం అమ్మి చదివించానండీ," అన్నారు పెద్దాయన. "ఇప్పుడేమో ముసలివాళ్ళకూ, తాగుబోతులకూ, ఇల్లు లేనివాళ్ళకూ సాయం చేసే చదువట. క్లాసులో ఏం నేర్పుతారమ్మా అంటే, ఎదుటి మనిషి చెప్పేది వినటం నేర్పుతారు నాన్నా అంది. వినటానికి కూడా కాలేజీయా అయ్యగారూ?"

నాకు నవ్వొచ్చింది. "నేను చెబుతాను లెండి" అని మాట ఇచ్చేశాను. ఆ చదువేమిటో తెలియదు, ఆ అమ్మాయి మనసులో ఏముందో తెలియదు. అయినా ఏం చెప్పాలో మాత్రం అప్పటికప్పుడే తెలిసిపోయింది నాకు! కాపరులకు ఈ జబ్బు ఉంటుంది, నా తోటి కాపరులు ఏమీ అనుకోకూడదు.

శనివారం రాత్రి ఎనిమిది గంటలకు, అంటే వారికి ఉదయం తొమ్మిదిన్నరకు, ఫోను చేశాను. పది నిమిషాలు నేనే మాట్లాడాను. తండ్రి వయసు, పిల్లల భవిష్యత్తు, భర్త మాటకు విలువ ఇవ్వటం, అన్నీ చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆగిన తరువాత, "నాన్న బాగా భయపడుతున్నట్టున్నారు కదండీ అయ్యగారూ. నేను తక్కువ పనిలోకి దిగిపోతున్నానని మీక్కూడా కష్టంగా ఉన్నట్టుంది" అంది.

అంతే. తనను సమర్థించుకోలేదు, నాతో వాదించలేదు. కాని ఆ మాట దగ్గర నాకు మాట ఆగిపోయింది. నిజంగా ఆయనది కోపం కాదు, భయమే. అది నాకెందుకు తట్టలేదు? ఎదుటివాడి మాట వెనుక ఉన్న బాధను గుర్తించి, దానిని మళ్ళీ అతని ముందు పెట్టటం ఆ క్లాసులో మొదటి నెలలలోనే నేర్పే పాఠమని తరువాత చెప్పింది. నా మీద అది పని చేసింది గనుక, అప్పుడు నేను అడగటం మొదలుపెట్టాను. ఆ రాత్రీ, ఆ తరువాత రెండు శనివారాలూ తెలుసుకొన్న సంగతులే ఇప్పుడు మీకు రాస్తున్నాను. అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు మన పల్లెలలో కూడా ఇప్పుడు చాలానే ఉన్నాయి.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఊళ్ళలో కొందరు అనుకొన్నట్టు కులానికో మతానికో చెందిన కాలేజీ కాదు. ఆ ప్రాంతపు ప్రజల పన్నులతో, రాష్ట్ర ప్రభుత్వ సహాయంతో నడిచే రెండేళ్ళ కాలేజీ. వాటిలో మొదటిది ఆమె ఉంటున్న ఇల్లినాయ్‌లోనే జోలియెట్ పట్టణంలో 1901లో ఆరుగురు విద్యార్థులతో ఒక హైస్కూలులో మొదలైంది. దాని వెనుక ఉన్నవారిలో ఒకరు చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్. ఆయన హీబ్రూ పండితుడు, ఆ భాష నేర్చుకొనేవారికి పాఠ్యపుస్తకాలు రాసినవాడు. హీబ్రూ అక్షరాలతో కుస్తీ పట్టిన నాకు ఈ సంగతి విని ఆశ్చర్యం వేసింది! 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇలాంటి కాలేజీలు దేశమంతటా రావాలని చెప్పింది. ఇప్పుడు దాదాపు వెయ్యి ఉన్నాయి. హైస్కూలు పూర్తి చేసినవారిని చాలావరకు ఎవరినీ కాదనకుండా చేర్చుకొంటారు. పగలు పని చేసుకొనేవారికి సాయంత్రం క్లాసులుంటాయి. ఆమె క్లాసులో పంతొమ్మిదేళ్ళ పిల్లలూ ఉన్నారు, అరవై దాటిన ఒక నాయనమ్మ కూడా ఉందట.

ఇక హ్యూమన్ సర్వీసెస్. 1955లో అమెరికా రాష్ట్రాల మానసిక వైద్యశాలల్లో దాదాపు 5 లక్షల 58 వేల మంది ఉండేవారు. ఎంతోమంది ఏళ్ళ తరబడి గోడల మధ్యనే బ్రతికారు. 1963లో అధ్యక్షుడు కెనడీ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఈ రోగులను పెద్ద ఆసుపత్రుల నుండి తెచ్చి వారి వారి ఊళ్ళ దగ్గరే చిన్న కేంద్రాలలో చూడాలన్నది దాని ఉద్దేశం. ఆయన సొంత చెల్లెలు రోజ్‌మేరీ 1941లో మెదడు మీద చేసిన ఆపరేషను వలన జీవితాంతం ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చింది గనుక ఆ ఇంటికి ఈ బాధ బాగా తెలుసు. అయితే ఊరి కేంద్రాలలో పని చేయటానికి మనుషులేరీ? డాక్టర్లు చాలరు, పెద్ద డిగ్రీల సోషల్ వర్కర్లూ చాలరు. రోగి పక్కన కూర్చొనేవాడు, ఆఫీసుకు తోడు వెళ్ళేవాడు, ఫారాలు నింపి పెట్టేవాడు, ఇంట్లోవాళ్ళకు నచ్చజెప్పేవాడు కావాలి. ఆ అవసరం నుండే 1960లలో రెండేళ్ళ చదువులు పుట్టాయి. పేదవాడలలో పుట్టి పెరిగినవారికే తర్ఫీదు ఇచ్చి ఆ వాడలలోనే ఉద్యోగం ఇస్తే మంచిదన్న ఆలోచన కూడా ఆ రోజులలోనే బలపడింది. అనుకొన్నదంతా జరగలేదు, అది కూడా చెప్పాలి. తలపెట్టిన కేంద్రాలలో సగం దాకానే వచ్చాయి. ఆసుపత్రుల నుండి పంపబడినవారు చాలామంది వీధుల పాలయ్యారు, జైళ్ళ పాలయ్యారు. ఇప్పుడు ఈ చదువు చదివినవారు సాయపడేది చాలావరకు వారికే. తాగుడు మానాలనుకొనేవారు, భర్త చేత దెబ్బలు తిని పారిపోయి వచ్చిన స్త్రీలు, ఒంటరి వృద్ధులు, తల్లిదండ్రులు లేని పిల్లలు కూడా వారిలో ఉంటారు.

చదువులో మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం, ప్రభుత్వ పథకాల పాఠాలు ఉన్నాయి. వాటితోపాటు ఏదో ఒక సంస్థలో నిజమైన పని చేయాలి. ఈ చదువుకు ప్రమాణాలు పెట్టే మండలి రెండేళ్ళ డిగ్రీకి కనీసం 250 గంటల క్షేత్ర పని ఉండాలంటుంది. ఆమె ఒక వృద్ధుల కేంద్రంలో చేస్తోంది.

ఆమెకు అన్నిటికన్నా కష్టమైన పాఠం మాట్లాడకుండా ఉండటమట. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని కష్టం చెప్పమంటారు, రెండోవారు సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినాలి. "మొదటి రోజు రెండో నిమిషంలోనే సలహా ఇచ్చేశానండీ. మనింటి పద్ధతి అది కదా" అని నవ్వింది. అలాగే 'ఎందుకు' అన్న ప్రశ్న సాధ్యమైనంత తక్కువ వాడాలట. ఎందుకు తాగావు, ఎందుకు కొట్టించుకొన్నావు, ఎందుకు ముందే చెప్పలేదు అంటే ఎదుటివాడికి అది ప్రశ్నలా కాదు, నేరం మోపినట్టు వినబడుతుంది. ఆలోచించి చూస్తే మన తెలుగులో అయితే మరీనూ. 'ఏం జరిగింది' అని అడిగితే మనిషి చెబుతాడు.

వారు చదివే పెద్దలలో కార్ల్ రోజర్స్ ఒకాయన. మనిషిని తీర్పు తీర్చకుండా, ఉన్నవానిని ఉన్నట్టు స్వీకరించి వింటే అతనిలోనే మార్పు మొదలవుతుందని చెప్పినవాడు. ఈయన కాపరి కావాలని న్యూయార్కులోని యూనియన్ సెమినరీలో రెండేళ్ళు చదివి, ఆ తరువాత దగ్గరలోనే ఉన్న టీచర్స్ కాలేజీకి మారిపోయాడు. ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. పాపాన్ని పాపమని చెప్పవలసిన సమయం కూడా ఒకటి ఉంటుందని నా నమ్మకం. కాని ఆ సమయం మొదటి పది నిమిషాలలో రాదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

మూడో శనివారం ఆమె చెప్పిన సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. గోప్యత గురించి ఒక పాఠం ఉందట. తన దగ్గర చెప్పుకొన్న కష్టాన్ని బయటకు చెప్పకూడదు. పిల్లల మీద దౌర్జన్యం జరుగుతున్నా, మనిషి తననో ఇతరులనో చంపే ప్రమాదం ఉన్నా ఊరుకోకూడదు, తెలియజేయాలి. ఇలాంటి మినహాయింపులు ఉంటాయని మొదటే ఆ మనిషితో చెప్పి మరీ వినటం మొదలుపెట్టాలి. మిగిలిన ఏ సందర్భంలోనూ నోరు విప్పకూడదు. "పేరు తీసేస్తే సరిపోదండీ అయ్యగారూ. చిన్న ఊళ్ళో పేరు చెప్పకపోయినా మనిషి తెలిసిపోతాడు" అంది.

ఆమెకు తెలియదు గాని, ఆ మాట నాకే తగిలింది. కొన్నేళ్ళ క్రితం ఒక సహోదరుడు రాత్రిపూట మా ఇంటికి వచ్చి తన కష్టం చెప్పుకొన్నాడు. ఆ కష్టం ఏమిటో ఇక్కడ రాయను. మూడు వారాల తరువాత ప్రసంగంలో దానిని ఉదాహరణగా చెప్పాను. పేరు చెప్పలేదు, నిజమే. కాని మూడు వందల గడప ఉన్న ఊరది. ఆరాధన అయ్యేలోగా అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంట్లో జరగవలసిన ఒక శుభకార్యం ఆగిపోయింది. ఆ కుటుంబం మందిరానికి రావటం మానేసింది. నేను మాత్రం, సత్యం చెబితే కొందరికి గిట్టదని సమాధానపడి ఊరుకొన్నాను. వేదాంత విద్యాలయంలో ప్రసంగం ఎలా తయారు చేయాలో నేర్చుకొన్నాను. చెప్పకూడనిది ఏదో ఆలోచించటం నేర్చుకోలేదు. ఆ తప్పు నాదే, చదువుది కాదు.

ఆ తరువాత పెద్దాయన ఇంటికి వెళ్ళాను. డబ్బు సంగతి దాచకుండా చెప్పాను. ఈ ఉద్యోగాలలో జీతం తక్కువే. 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో ఇలాంటి సహాయకుల మధ్యస్థ జీతం సంవత్సరానికి దాదాపు 41 వేల డాలర్లు. నర్సులకు అందుకు రెట్టింపు ఉంటుంది. ఫీజు మాత్రం స్థానికులకు సగటున ఏడాదికి 4 వేల డాలర్ల దగ్గర, విశ్వవిద్యాలయాల కన్నా చాలా తక్కువ. ఈ రెండేళ్ళ డిగ్రీతో సొంతంగా కౌన్సిలింగ్ చేసే లైసెన్సు రాదు. దానికి ఇంకా పై చదువు కావాలి. చాలా క్రెడిట్లు విశ్వవిద్యాలయానికి మార్చుకొనే వీలుంటుంది గనుక దారి మూసుకుపోయినట్టు కాదు. మధ్యలో మరొక మాట. ఇక్కడి నుండి విద్యార్థి వీసా మీద వెళ్ళేవారికి ఈ తక్కువ ఫీజు వర్తించదు. అది తెలియక, ఏజెంటు మాట నమ్మి పొలం తాకట్టు పెట్టకండి.

పెద్దాయన అంతా విని, "ఇలాంటి చదువు మన దేశంలో లేదా అండీ?" అన్నారు. ఉందన్నాను. బొంబాయిలో 1936లో మొదలైన సోషల్ వర్కు పాఠశాలే నేటి టాటా సంస్థ. దానికి మొదటి అధిపతి క్లిఫర్డ్ మాన్షార్ట్ అమెరికా నుండి వచ్చిన మిషనరీ. నాగపాడా మురికివాడలో పని చేస్తూ, మంచి మనసు ఒక్కటే చాలదు, తర్ఫీదు కావాలని గ్రహించినవాడు. కమ్యూనిటీ కాలేజీలు కూడా 1995లో పాండిచ్చేరిలో, 1996లో మద్రాసులో మొదలయ్యాయి. ఆయన కాసేపు ఊరుకొని, "నాకు నచ్చటం లేదండీ. కాని ఈసారి ఫోను చేసినప్పుడు ఏం జరుగుతోందని అడుగుతాను" అన్నారు. నేను ఇంకేమీ అనలేదు.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించాను. రెండు సంగతులు తీసేయమంది, తీసేశాను. అటు తరువాత మంగళవారం సాయంత్రం, ఇన్నేళ్ళకు, ఆ సహోదరుని ఇంటికి వెళ్ళాను. మంచం వాల్చి కూర్చోమన్నాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు పశువుల పాక వైపు చూస్తూ ఉండిపోయాడు. నేనూ మాట్లాడలేదు. తరువాత ఆ రోజు నుండి ఇంట్లో ఏమేమి జరిగిందో ఆయనే చెప్పాడు. చీకటి పడేదాకా విన్నాను.

లేచేటప్పుడు, "ఇది పత్రికలో రాయవచ్చా?" అని అడిగాను.

"రాయండి అయ్యగారూ," అన్నాడు. "పేరు లేకుండా. ఈసారి వివరాలు కూడా లేకుండా."