ఎకరా ఎంతకు ఇచ్చారు?

గత సంచికలో ఇంటి అద్దెల విషయం వ్రాసినప్పుడు, పాఠక మిత్రులు కొందరు ఒక చిన్న మందలింపు పంపినారు. "ఇంటి అద్దె మాకు సంస్థ ఇచ్చే భత్యంలో సరిపోతుంది. ఊళ్ళో పొలం అద్దె సంగతి వ్రాయండి" అన్నది దాని సారాంశం. మందలింపు న్యాయమైనదే కావున ఈ మాసం కౌలు గురించి ముచ్చటించుకొందాము.

ఈ పంక్తులు వ్రాస్తున్న చాతం దీవిలో సేద్యపు భూమి లేదు. 1883లో నెలకొల్పిన రంపపు మిల్లు, దాని ముందు దుంగల గుట్టలు, రేవు, హాడోతో కలిపే వంతెన, బాంబూఫ్లాటుకు సాగే పడవ, వీటితోనే దీవి నిండిపోతుంది. అయినప్పటికీ ఉగాది దాటి ఏరువాక సమీపించే రోజులలో ఇక్కడి తెలుగువారి మధ్యాహ్న భోజనాల వేళ వినిపించే మొదటి ప్రశ్న "ఎకరా ఎంతకు ఇచ్చారు?" అన్నదే. 2011 జనగణన ప్రకారం ఈ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో పలువురి మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవి. పొలం అక్కడ, మనిషి ఇక్కడ. నడుమ సముద్రం, ఒక టెలిఫోను. మన సంస్థలో దీవులకు రాకుండా స్వరాష్ట్రంలోనే పనిచేస్తున్న సోదరుల పరిస్థితి కూడ ఇంతకంటె భిన్నమైనది కాదు. వారికి సముద్రం లేదు, అంతే.

ఆ ప్రశ్నకు జవాబుగా మనం ఒక అంకె చెపుతాము. ఎదుటివారు తమ అంకె చెపుతారు. తక్కువ చెప్పినవారు చిన్నబుచ్చుకొంటారు, సాయంత్రం ఊరికి ఫోను చేస్తారు. మరునాడు అక్కడ ఒక కౌలు రెండు బస్తాలు పెరుగుతుంది. కౌలు ధరలు పెరగడానికి ఆర్థికవేత్తలు చెప్పే కారణాల జాబితాలో ఈ భోజనశాల కారణం కనిపించదు గాని, దాని పాత్ర తక్కువదని మేము అనుకోము.

అయితే ఆ అంకె కంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. అది కౌలు తీసుకొనే పద్ధతి. మన తాతల నాటి మాటలు ఒకసారి గుర్తుచేసుకొంటే విషయం తేటపడుతుంది. "పాలుకు ఇచ్చాము" అంటే పండినదానిలో వాటా. సంగోరు అంటే సగం సగం. పంట పోతే ఇద్దరికీ పోయినట్లే. తరువాత మక్తా వచ్చింది. పండినా పండకున్నా ఇన్ని బస్తాలు కొలవవలసిందే. ధాన్యం ధర పడిపోతే నష్టం ఇద్దరిదీ, పంట పోతే మాత్రం కౌలుదారుదే. దాని తరువాత రొక్కపు కౌలు. ఇక ధర పడినా నష్టం అతనిదే. మిరప, పత్తి పండే చోట్ల, చేపల రొయ్యల చెరువులు తవ్విన చోట్ల ఆ రొక్కాన్ని విత్తనం వేయకముందే చెల్లించే ఆనవాయితీ నెలకొన్నది. కావున అప్పు తెచ్చి కౌలు కట్టాలి. దాని వడ్డీ కూడ అతనిదే. ఈ నాలుగు మెట్లలో ఒక్కొక్కటి ఎక్కినప్పుడల్లా భూమి గలవాని భయం కొంత తగ్గి దున్నేవాని నెత్తికి మారింది. ఎకరా కౌలు ఎంత పెరిగిందని అడిగేవారే గాని, ఈ మార్పిడి గురించి అడిగేవారు అరుదు.

ఇప్పుడు కొంచెం లెక్క. సాధారణ రకం ధాన్యానికి ప్రభుత్వ మద్దతు ధర 1995-96లో క్వింటాలుకు 360 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 270 రూపాయలు. 2025-26 ఖరీఫుకు ప్రకటించిన ధర 2,369. బస్తా సుమారు 1,777 రూపాయలు. కౌలు బస్తాలు ఒక్కటి కూడ పెంచని యజమానికి సైతం రూపాయలలో ఆరున్నర రెట్లు పెరిగినట్లే. ధాన్యపు కౌలు తనంతట తానే కరవు భత్యం కలుపుకొంటూ పోతుంది. ఈ పోలిక మన ఉద్యోగులకు ఇట్టే బోధపడుతుంది.

గోదావరి డెల్టాలో ఒక ఎకరం తీసుకొందాము. సార్వాలో 28, దాళ్వాలో 40, మొత్తం 68 బస్తాలు పండినవనుకొందాము. కౌలు 34 బస్తాలనుకొందాము. డెల్టా ఎరిగినవారికి ఈ అంకెలు వింతగా తోచవు. మద్దతు ధరకు కట్టినా కౌలు విలువ అరవై వేలు దాటుతుంది. మిగిలిన సగంలో నుండి నారు, నాట్లు, ఎరువు, పురుగుమందు, కోత మిషను బాడుగ, వడ్డీ పోవాలి. ఆ పైన మిగిలినది ఏడాది పొడుగునా ఇల్లాలు, ఇంటాయన చేసిన చాకిరికి కూలి. ఇది అన్నీ సవ్యంగా సాగిన సంవత్సరపు లెక్క. తుపాను ఏడాది లెక్కకు కాగితం అక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగు మానివేసి పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. కూలి ఖర్చు, గిట్టని ధర, ముంపు అని కారణాలు చెప్పుకొన్నారు. కౌలు చేసేవాడు ఈ మూడింటి మీద కౌలును కూడ మోయవలసి వచ్చేది.

చట్టం లేదా అని ప్రశ్నించవచ్చును. ఉన్నది. ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956లోనే వచ్చింది. 1974 సవరణ నీటివసతి గల భూములకు స్థూల ఫలసాయంలో 30 శాతం, మిగిలిన వాటికి 25 శాతం మించి కౌలు తీసుకోరాదని నిర్ణయించింది. పై ఉదాహరణలో 34 బస్తాల బదులు 20 బస్తాలన్నమాట. మా ఎరుకలో ఆ అంకెకు పొలం ఇచ్చినవారు ఎవరూ లేరు. ఆ సవరణే కౌలుదారుకు దీర్ఘకాలపు రక్షణ కూడ కల్పించింది. దాని ఫలితం విచిత్రమైనది. రక్షణ ఇస్తే పొలం పోతుందని జడిసి యజమానులు కాగితం వ్రాయడమే మానుకొన్నారు. నోటిమాట కౌళ్ళే మిగిలినవి. ఏ రికార్డులోను లేని మనిషికి ఏ బ్యాంకు అప్పిస్తుంది? 2018-19లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం కౌలు కమతాల నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నది. పదింట నాలుగుకు పైగా అటువంటివే.

ఇంతగా ధర పెరగడానికి కారణం పొలం మీద పోటీ. సొంత భూమి లేని కుటుంబాలు, చాలీచాలని భూమి గల కుటుంబాలు ఒకే ఎకరం కోసం వస్తాయి. చెరువుల వ్యాపారం వరి కౌలుకు మించిన రొక్కం చూపి పక్క పొలం ధరను కూడ ఎగదోస్తుంది. సర్కారు కూడ ఒక్కొక్కప్పుడు కౌలు ధరకు కొలబద్ద అవుతుంది. అమరావతి భూసమీకరణలో 2015 నుండి పొలం ఇచ్చిన యజమానులకు ఏటా ఎకరాకు మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయలు, ఏడాదికి పది శాతం చొప్పున పెంచుతూ పదేళ్ళు చెల్లించే ఏర్పాటు చేసినారు. దానికి పెట్టిన పేరు కూడ కౌలే. అక్కడ అంతవరకు ఇతరుల పొలం దున్నినవారికి ఆ కౌలు కాదు, భూమిలేని కుటుంబాలకిచ్చే నెలసరి పింఛను వచ్చింది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే గాని కౌలుదారుకు కాదని ప్రభుత్వమే స్పష్టంగా చెప్పింది.

ఈ సందర్భంలో మన ఉద్యోగులకు ఒక హెచ్చరిక. కేంద్రం ఏటా ఇచ్చే ఆరు వేల రూపాయల కిసాన్ సమ్మాన్ సాయానికి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు అర్హులు కారు. నాలుగవ తరగతి సిబ్బందికి మాత్రమే మినహాయింపు. మన పేరిట పట్టా ఉన్నంత మాత్రాన ఆ పైకం మనది కాదు.

పచ్చిక సంగతి ఒకటి రెండు మాటలలో. మేతకు చెల్లించే సుంకానికి మన భాషలో చక్కని పేరున్నది – పుల్లరి. 1921లో పల్నాటి ప్రజలు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టబోమని తిరగబడ్డారు. వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో నేలకొరిగినాడు. అదే కాలంలో మన్యంలో పోడు, మేతల మీద అటవీశాఖ ఆంక్షలు అల్లూరి పోరాటానికి ఒక కారణమైనవి. ఆ పోరాటంలో పాల్గొన్న గాం మల్లుదొర ఈ దీవులకే ఖైదీగా వచ్చి, విడుదలైన పిమ్మట 1952లో లోక్‌సభకు ఎన్నికైనారు. సెల్యులర్ జైలు చూడబోయే మన పిల్లలకు పుల్లరి కథ కూడ చెప్పవలసినదే. ఇందుకు సరిగా ఎదురు నడిచే పద్ధతి ఒకటి సీమలోను, తెలంగాణలోను ఉన్నది. పంట కోసిన పొలంలో గొర్రెల మంద పెట్టిస్తే మేత తిన్న కాపరి డబ్బివ్వడు. ఎరువు దక్కించుకొన్న రైతే రాత్రికింత అని కాపరికి ఇచ్చుకొంటాడు.

అండమానులో కౌలు చరిత్ర వేరు. ఖైదీల కాలంలో భూమి సర్కారుది. సత్ప్రవర్తన గల ఖైదీకి సాగు చేసుకొనే అనుమతి, దానిమీద శిస్తు. 1949 నుండి తూర్పు బెంగాలు కాందిశీకులను ఇక్కడ స్థిరపరచినప్పుడు కుటుంబానికి పది ఎకరాలు, అందులో సగం వరికి, సగం కొండవాలు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాను నేల కుంగి, సిప్పీఘాట్ వద్ద వరిచేలు శాశ్వతంగా ఉప్పునీటి పాలైనవి. ఆ దారిన బస్సులో పోయేటప్పుడు నీళ్ళలో నిలిచిన గట్లు చూస్తే, ఎకరా ఎంత అన్న ప్రశ్న నోట రాదు.

ఇక మా సొంత సంగతి. వంశధార ఆయకట్టులో మాకు పిత్రార్జితం మూడెకరాలు. ఇరవై ఏళ్ళుగా ఒకే కుటుంబం చేస్తున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పైరు నేలకరిచింది. కొంతకాలానికి పంట నష్టపరిహారం మా ఖాతాలో జమ అయింది. పాసుపుస్తకం మా పేరిట ఉన్నది గదా. "బాబూ, తమరి ఖాతాలో ఏమైనా పడిందా?" అని కౌలుదారు ఒకే ఒక్కసారి ఫోనులో అడిగినాడు. చూసి చెపుతామన్నాము. చూడనూ లేదు, చెప్పనూ లేదు. ఉగాదికి ఊరు వెళ్ళినప్పుడు అతని భార్య మెడలో పసుపుతాడు మాత్రమే కనిపించింది. పుస్తెల గొలుసు ఎరువుల అప్పుకు తాకట్టులో ఉన్నదట. ఆ సాయంత్రం పైకం ఇచ్చివేశాము. అయిదు మాసాల వడ్డీ అతను కట్టినాడు, మేము కట్టలేదు.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని సంతకం, దానిమీద కౌలుదారుకు ఒక కార్డు. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఆ కార్డు ఆధారం. భూమి హక్కు యజమానికే ఉంటుందని చట్టం విప్పి చెప్పింది. అంతకుముందు 2011 చట్టం కింద యజమాని అనుమతి లేకుండానే రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. కొత్త పద్ధతిలో మన సంతకం మీదనే అంతా ఆధారపడింది. అతను సంతకం అడిగినాడు. "సంతకం పెడితే పొలం పోయినట్లే" అని మా పెదనాన్నగారు పట్టుబట్టినారు. ఆయనకు 1974 భయం ఇంకా వదలలేదు. మేము ఒక సంవత్సరం వాయిదా వేసి, రెండవ సంవత్సరం సంతకం చేశాము. బ్యాంకువారు మూడుసార్లు తిప్పించుకొని నాలుగవసారి రుణం ఇచ్చినారు. పొలం ఎక్కడికీ పోలేదు. పెదనాన్నగారు మాత్రం ఇప్పటికీ మాతో ఆ విషయం మాట్లాడరు.

ఈ ఏడు బస్తాలు పెంచలేదు. పంటలో సగానికి మించి పోతే కౌలు సగమే అని ఒప్పందంలో ఒక పంక్తి చేర్చమని మేమే చెప్పినాము. అతను నమ్మలేదు. మరల చదివించుకొన్నాడట.

అమెరికాలో వ్యవసాయశాఖ ఏటా సాగుభూమికి, పచ్చికకు వేరువేరుగా కౌలు ధరల పట్టిక ప్రకటిస్తుంది. 2024లో సగటున ఎకరా సాగుభూమికి 160 డాలర్లు, పచ్చికకు పదిహేనున్నర. అటువంటి పట్టిక ముందుంటే వదంతికి ధర పలకదు. మన ఊళ్ళకు దానిని మనమే తయారు చేసుకోవచ్చును. పాఠకులు తమ గ్రామం, పంట, నీటి ఆధారం, కౌలు ఎంత, బస్తాలా రొక్కమా, ముందా వెనుకా, కాగితం ఉన్నదా లేదా అన్న వివరాలను పోస్టుకార్డు మీద వ్రాసి సంపాదకుల చిరునామాకు ఈ నెలాఖరులోగా పంపవలసినదిగా కోరుతున్నాము. పేర్లు అచ్చువేయము. కౌలుకు చేసే బంధువులు గలవారు వారి చేత కూడ వ్రాయించగలరు.