వలస వెళ్లినవాళ్లను ఎప్పుడు అడుగుతారు?

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

బ్రిటన్ సాయంతో జీవనోపాధుల పథకం, ఆ తర్వాత అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి (ఐఫాడ్) అప్పుతో కరువు నివారణ పథకం మన జిల్లాకు వచ్చాయి. వాటి ఫలితం తేల్చాల్సింది ఎవరు? ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు బండెక్కేవాళ్లు కాదా? పిల్లాజెల్లా, బియ్యం మూటలు, వంటసామాను సర్దుకుని జనం వెళ్లిపోయాక సర్వేకొస్తే ఇంట్లో దొరికేది ముసలివాళ్లే. పథకం కింద కట్టిన చెక్‌డ్యామ్ కొలతలు సరిపోవచ్చు, వలస ఆగిందో లేదో వాటిలో కనబడదు.

2001లో మెదక్ జిల్లాలో జరిగిన ‘ప్రజాతీర్పు’లో సన్నకారు రైతులు, అందులోనూ ఎక్కువగా మహిళలు, జ్యూరీగా కూర్చుని రాష్ట్ర ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక విజన్ 2020నే విచారించారు. ఇక్కడా అది సాధ్యమే. వలస జనం తిరిగొచ్చాకే గ్రామసభ పెట్టండి. ప్రశ్నలు వాళ్లనే వేయనివ్వండి. పథకాల ఫలితాలపై నివేదిక ఖరారయ్యేలోపే తెలుగులో, అవసరమైన ఊళ్లలో కన్నడంలో చదివి వినిపించండి. కాదన్నవాళ్ల మాటా అందులో చేర్చండి.

ఇట్లు,
ఆదోని ప్రాంత పౌరుడు