"గాలికి గెలిచిండ్రు" అనే ముందు ఒక లెక్క చూద్దాం



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడు జిల్లాల్లో ఎక్కడ టోర్నమెంట్ పెట్టినా డ్రా తీసిన సాయంత్రమే ఒక మాట వినబడతది. "మనకు గిరిజన హాస్టల్ టీమ్ పడ్డది, ఫస్ట్ మ్యాచ్ అయిపోయినట్టే" అని. మనోళ్లు ఓడిపోతే "అనుకున్నదే" అంటరు. గెలిస్తే "గాలికి గెలిచిండ్రు" అంటరు. అంటే గెలిచినా పేరు రాదు, ఓడినా ఎవరూ ఎందుకని అడగరు. ఈ రెండు మాటల నడుమ మన పిల్లల ఆట నలిగిపోతున్నది. ఇంకా బాధ ఏందంటే, కొన్నాళ్లకు మనోళ్లు కూడా అదే మాట అనుడు మొదలుపెడతరు.

అందుకే మేము ఇది రాస్తున్నం. ఎవరూ లెక్కలోకి తీసుకోని టీమ్ టోర్నమెంట్‌లో దూరం పోయిందంటే దాని వెనుక గాలి కొంతే ఉంటది. మిగతాదానికి గుర్తులు ఉంటయి. ఎటు చూడాలో తెలిసినోళ్లకు అవి ముందే కనబడతయి. ఆ గుర్తుల్లో ఎక్కువ భాగం డబ్బుతో కొనేవి కావు, మనం తయారు చేసుకునేవే.

దీన్ని ఏండ్ల తరబడి లెక్క కట్టి చూసిన చోటు అమెరికా. అక్కడ ప్రతి మార్చిలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జరుగుతది. 68 కాలేజీలు ఆడతయి. వాటిని నాలుగు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపులో 1 నుంచి 16 దాకా ర్యాంకులు ఇస్తరు. దాన్ని సీడ్ అంటరు. ఒకటో సీడ్ గ్రూపులో అందరికంటే బలమైనది, పదహారో సీడ్ ఆఖరిది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటి దారే. ఎవరు ఎక్కడిదాకా పోతరో ముందే కాగితం మీద రాసి పెట్టుకునుడు అక్కడ లక్షల మందికి సరదా. కానీ మొదటి నుంచి చివరి దాకా అన్ని మ్యాచులూ తప్పు లేకుండా చెప్పిన మనిషి రికార్డుల్లో ఇప్పటిదాకా ఒక్కరు కూడా లేరు.

ముందు చేదు నిజం ఒప్పుకుందాం. చిన్న టీములు ఎక్కువసార్లు ఓడిపోతయి. 1985 నుంచి 2025 దాకా ఒకటో సీడ్‌తో పదహారో సీడ్ 160 సార్లు ఆడింది. చిన్నది గెలిచింది రెండే సార్లు. 2018లో యూఎంబీసీ అనే కాలేజీ వర్జీనియాను 74-54తో కొట్టింది. 2023లో ఫెయిర్లీ డికిన్‌సన్ కాలేజీ 63-58తో పర్డ్యూను కొట్టింది. ఈ నలభై ఏండ్లలో పదకొండో సీడ్ టీములు ఆరుసార్లు సెమీఫైనల్ దాకా పోయినయి. పన్నెండు, ఆ కింది సీడ్లు ఒక్కసారి కూడా పోలేదు. కాబట్టి "గుండె ఉంటే చాలు, ఎవరైనా గెలుస్తరు" అనే ఉపన్యాసాలు మేము చెప్పం. గుండె అందరికీ ఉంటది. దూరం పోయిన టీముల దగ్గర ఇంకేం ఉందో చూద్దాం.

మొదటి గుర్తు, కలిసి ఆడిన కాలం. 2018లో పదకొండో సీడ్‌తో సెమీస్ చేరిన లయోలా షికాగో టీమ్‌లో కస్టర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు గార్డులు చిన్నప్పుడు బడిలో ఉన్నప్పటి నుంచి ఒకే టీమ్‌లో ఆడినోళ్లు. ఆ టీమ్ మొదటి మూడు మ్యాచులు 2, 1, 1 పాయింట్ల తేడాతో గెలిచింది. మూడు మ్యాచులు కలిపి నాలుగంటే నాలుగు పాయింట్లు! అందులో అదృష్టం లేదని ఎవరూ అనరు. కానీ ఆఖరి నిమిషంలో బంతి ఎవరికియ్యాలో చూడకుండానే తెలిసిన టీమ్‌కే ఆ అదృష్టం పనికొస్తది. ఫెయిర్లీ డికిన్‌సన్ సంగతీ అంతే. ముందటి ఏడు ఆ టీమ్ గెలిచింది 4 మ్యాచులు, ఓడింది 22. కొత్త కోచ్ వచ్చిండు. తను అంతకుముందు పనిచేసిన చిన్న కాలేజీ నుంచి ముగ్గురు ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నడు. ముగ్గురూ అప్పటికే ఒకరి ఆట ఒకరికి తెలిసినోళ్లు.

ఇది మనకు తెలియనిది కాదు. తెలుగు టైటాన్స్‌ను చూడండి. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నరు. ఆ సీజన్ 22 మ్యాచుల్లో గెలిచింది రెండు. అంతకుముందు సీజన్‌లో కూడా రెండే. 2024లో 12 గెలిచిండ్రు, అయినా ప్లేఆఫ్స్ అందలేదు. 2025లో పవన్ లేడు. విజయ్ మాలిక్ కెప్టెన్‌గా అదే టీమ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా పోయింది. ఆ సీజన్ మొదట్లో పేర్లు చూసినోళ్లు ఈ టీమ్‌ను పక్కన పెట్టిండ్రు. ముందటి ఏడు 12 గెలుపులు చూసినోళ్లు పెట్టలేదు.

రెండో గుర్తు, ఆటను చిన్నది చేసే తెలివి. బలమైన టీమ్‌తో ఎంత ఎక్కువ సేపు ఎదురెదురు కొట్టుకుంటే అంత ఎక్కువ దాని బలం బయటపడతది. అవకాశాలు తగ్గిస్తే తేడా కూడా తగ్గుతది. 1985లో ఎనిమిదో సీడ్ విలనోవా కప్పే కొట్టింది. అంతకంటే కింది సీడ్ ఇప్పటిదాకా కప్పు కొట్టలేదు. అప్పట్లో ఆ టోర్నమెంట్‌లో ఇంత టైంలో షాట్ కొట్టాలనే నియమం లేదు. ఫైనల్‌లో విలనోవా బంతిని ఓపికగా తిప్పి, మొత్తం మ్యాచ్‌లో 28 షాట్లే కొట్టింది. అందులో 22 పడ్డయి. ముందటి ఏడు ఛాంపియన్ జార్జ్‌టౌన్ 66-64తో ఓడింది. మన కబడ్డీలో కూడా ఇది ఉన్నది కదా. బలమైన టీమ్ ఎదురైతే రెండు ఖాళీ రైడ్లు చేసి, మూడోది డూ ఆర్ డై రైడ్‌కు తెచ్చి, ఆఖరి ఐదు నిమిషాల దాకా స్కోరు దగ్గర పెట్టుకుంటరు. చూసేటోళ్లు "ఏం ఆట ఇది, ఆడుతలేరు" అని అరుస్తరు. అరవనియ్యండి. లెక్కలో లేని టీమ్ దొరకబుచ్చుకోవాల్సింది ఆ ఆఖరి ఐదు నిమిషాలే.

మూడో గుర్తు అన్నిటికంటే ముఖ్యం. ఆ టీమ్‌కు తక్కువ నంబర్ ఎందుకిచ్చిండ్రు? బలం లేకనా, ఎవరూ చూడకనా? ఈ రెండూ వేరు. 2011లో వీసీయూ అనే కాలేజీకి టోర్నమెంట్‌లో చోటిచ్చినందుకే టీవీల్లో కూర్చున్న పెద్ద పెద్ద విశ్లేషకులు తప్పుపట్టిండ్రు. ఆ టీమ్ అందరికంటే ముందు జరిగే అదనపు రౌండ్ నుంచి ఆడాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఐదు మ్యాచులు వరుసగా గెలిచి, ఒకటో సీడ్ కాన్సాస్‌ను కూడా ఓడించి సెమీస్ చేరింది. 2022లో సెయింట్ పీటర్స్ పదిహేనో సీడ్. న్యూజెర్సీలో చిన్న కాలేజీ. కెంటకీ, ముర్రే స్టేట్, పర్డ్యూ మూడింటినీ ఓడించి ఆఖరి ఎనిమిదిలోకి పోయింది. పదిహేనో సీడ్ అంత దూరం పోవుడు అదే మొదటిసారి. చిన్న కాలేజీలకు ఏడాదంతా పెద్ద టీములతో ఆడే అవకాశం తక్కువ. చూడనిదాన్ని తక్కువ అనుకునుడు మనుషుల అలవాటు.

ఇక్కడ మన సంగతికి వద్దాం. అమ్రాబాద్, పదర దిక్కు పెంటల నుంచి వచ్చిన చెంచు పిల్లలు, అచ్చంపేట, బల్మూరు, గోపాల్‌పేట దిక్కు తండాల పిల్లలు ఉన్న టీమ్ ఏడాదిలో బయట టీమ్‌తో ఎన్ని మ్యాచులు ఆడతది? చాలా చోట్ల జోనల్ మీట్‌కు పోయే దాకా ఒక్కటి కూడా ఆడదు. ఇంక వాళ్ల బలం ఎంతో ఎవరికి తెలుస్తది? సెలక్షన్స్‌కు పోతే ఒక్క పూటలో చూసి తేలుస్తరు. తెలిసిన స్కూలు పేరు, మంచి బూట్లు ఉన్నోడి మీదికి కన్ను పోతది. ఎవరో ఒకరిని తిట్టడానికి ఇది రాస్తలేము. సమాచారం లేనిచోట పేరే సమాచారం అయి కూర్చుంటది, అంతే.

మొదటి గుర్తు కూడా మన దగ్గర ఏడాదికోసారి చెదిరిపోతది. పదో తరగతి అయిపోతే టీమ్ సగం పోతది. దసరా, దీపావళి దాటినంక అమ్మానాన్నలు బొంబాయి, పుణె బస్సు ఎక్కితే, తమ్ముడిని చూసుకోవడానికి ఒక డిఫెండర్ ఇంటికి పోతడు. మళ్లీ వస్తడో రాడో తెలవదు. ఇసొంటి టీమ్ సెమీస్ దాకా పోతే దాన్ని గాలి అంటే మాకు కోపం రాదా?

నాలుగో గుర్తు, దారి. ఎవరు ఎవరికి పడ్డరు అనేది. దీన్ని దాచొద్దు. 2023లో తొమ్మిదో సీడ్ ఫ్లోరిడా అట్లాంటిక్ సెమీస్ దాకా పోయింది. రెండో రౌండ్‌లో దానికి ఒకటో సీడ్ పర్డ్యూ ఎదురు రావాలి. పర్డ్యూను అప్పటికే ఫెయిర్లీ డికిన్‌సన్ ఇంటికి పంపింది కాబట్టి దారి తెరుచుకున్నది. మన హైదరాబాద్ రహీం సాబ్ కథలో కూడా ఇది ఉన్నది. మైదాన్ సినిమా చూసినోళ్లకు తెలుసు, సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులుగా ఉండి కోచ్ అయిన మనిషి. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తయారుచేసిన భారత ఫుట్‌బాల్ టీమ్ సెమీస్ దాకా పోయి నాలుగో స్థానంలో నిలిచింది. మొదటి రౌండ్‌లో హంగరీ ఆడకపోవుడుతో వాకోవర్ వచ్చింది, అది దారి. తర్వాత ఆస్ట్రేలియాను 4-2తో ఓడించుడు మాత్రం తయారీ. ఆ టీమ్‌లో హైదరాబాద్ ఆటగాళ్లు చాలామంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరాం వాళ్లలో ఒకడు. దారి తెరుచుకున్న రోజు నడవగలిగే కాళ్లు ఉండాలి. రహీం సాబ్ ఆ కాళ్లను ఆరేడేండ్ల ముందు నుంచే తయారు చేసిండు.

ఇప్పుడు రెండు హెచ్చరికలు.

ఒకటి, ఈ కథలు చెప్పి మనల్ని మోసం చేసేటోళ్లు ఉంటరు. "వాళ్లకు ఏమీ లేకున్నా గెలిచిండ్రు కదా, మీకు కోర్టు ఎందుకు, మ్యాట్ ఎందుకు" అంటరు. 160లో రెండు గెలిచిన లెక్క అప్పుడు వాళ్ల ముందు పెట్టండి. మిగతా 158 టీముల పిల్లలు కూడా కష్టపడ్డరు. వసతి లేకుండా గెలిచినోళ్లు ఉన్నరని చెప్పి వసతి ఎగ్గొట్టుడు న్యాయం కాదు. చిన్న టీమ్ కథ మనకు ఊపిరి కావాలి, ఎవరికీ సాకు కావొద్దు.

రెండోది తమ్ముళ్లకు. గుర్తులు తెలిసినయి కదా అని ఫోన్ తీసి పందెం కాయకండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పైసల ఆటలు 2017 నుంచే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పైన చెప్పిన లెక్కే చూడండి. లక్షల మంది ఏండ్లకేండ్లు ప్రయత్నించినా ఒక్కరు కూడా అన్నీ సరిగ్గా చెప్పలేదు. గుర్తులు చూసేది టీమ్‌ను అర్థం చేసుకోవడానికి, అవ్వ పింఛను పైసలు పోగొట్టుకోవడానికి కాదు.

మరి చేయాల్సింది ఏంది? పెద్ద పని లేదు. ప్రతి హాస్టల్‌లో ఒక నోట్‌బుక్ పెడదాం. ఎవరితో ఆడినం, ఎంత తేడాతో గెలిచినం, ఓడినం, ఆఖరి ఐదు నిమిషాల్లో ఏమైంది, అన్నీ తేదీతో రాద్దాం. నెలకు ఒక ఆదివారం పక్క మండలం టీమ్‌ను పిలిచి ఆడదాం. ఇంటర్‌కు పోయిన అన్నలు, అక్కలు సెలవుల్లో వచ్చి జూనియర్లతో ఆడాలి, అప్పుడు టీమ్ పూర్తిగా చెదరదు. సీఎం కప్ ఎట్లాగూ ఊరి నుంచి మొదలై మండలం, జిల్లా మీదుగా రాష్ట్రం దాకా పోతది, ఊరి మెట్టు దగ్గరే మన పేర్లు రాయిద్దాం. డ్రా తీసే చోట మన నోట్‌బుక్ పెట్టి, "సార్, ఇది మా రికార్డు, పేరు చూసి కాదు, ఇది చూసి సీడ్ ఇయ్యండి" అని మర్యాదగా అడుగుదాం. ఇయ్యకపోతే వచ్చే ఏడు ఇంకా లావు నోట్‌బుక్ తీసుకొని పోదాం.

వచ్చే సీజన్‌కు మేము కూడా మన మూడు జిల్లాల హాస్టల్ టీముల్లో ఏది దూరం పోతదో అంచనా వేసి ముందే ఇక్కడ రాస్తం. తప్పయితే తప్పని ఒప్పుకుంటం. కానీ మన టీమ్‌ను డ్రా చీటీలోనే సున్నా అని రాసే పని మాత్రం మనోళ్లెవరూ చేయొద్దు. మీ ఊరి టీమ్‌లో ఎవరు ఎన్నేండ్ల నుంచి కలిసి ఆడుతున్నరో ముందు అది రాసి పంపండి. లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.