చేతికి ఎన్నొస్తాయి?

బ్యాంకాక్‌లో మా నాన్న చేతిలో ఓడిపోయాను. 1,600 రూపాయల తేడాతో.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేనేమో పేమెంట్స్ టీమ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కార్డు గీకితే డబ్బు ఏ దారిలో ఎక్కడికెళ్తుందో నాకు తెలుసు, నెలనెలా జీతం తీసుకునేదే అందుకు. అందుకే అమ్మానాన్నలని మొదటిసారి విమానం ఎక్కిస్తూ, నాన్న బనియన్ జేబులో 500 నోట్లు 40 కనిపించేసరికి నవ్వొచ్చింది. "ఈ రోజుల్లో ఇంకా నోట్లు మోస్తున్నావేంటి నాన్నా?" అన్నాను. దేశం దాటేటప్పుడు మనిషికి 25,000 దాకా మన రూపాయలు పట్టుకెళ్లొచ్చు కాబట్టి అభ్యంతరమేం లేదు. నవ్వు మాత్రం ఆగలేదు.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగి బయటికొస్తుంటే వరసగా మనీ ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లు. "కమీషన్ లేదు" అని పెద్ద బోర్డు. నాన్న ఆ బోర్డు వంక చూడనే లేదు. రేటెంత అనీ అడగలేదు. నాతో ఒక్కటే అడిగించాడు: "ఇరవై వేలిస్తే చేతికి ఎన్నొస్తాయి?" కౌంటర్లో అమ్మాయి కాలిక్యులేటర్ నొక్కి చూపించింది. 6,000 బాట్. నాన్న తల అడ్డంగా ఊపి నడక మొదలెట్టాడు. "నాన్నా, ఎక్కడైనా అంతే" అన్నా వినలేదు. ఎస్కలేటర్లు దిగుతూ దిగుతూ సిటీకెళ్లే రైలు స్టేషన్ ఉన్న కింది అంతస్తుకి వచ్చాం. అక్కడా కౌంటర్లున్నాయి, ముందు క్యూ కూడా ఉంది. క్యూ ఉందంటేనే నాన్నకి నమ్మకం కుదిరింది. మళ్లీ అదే ప్రశ్న. 7,400.

అదే బిల్డింగు. అవే నోట్లు. 1,400 బాట్ తేడా.

కమీషన్ లేదన్నవాడు ఊరికే కూర్చోడు కదా, తన వాటా రేట్లోనే కలిపేసుకుంటాడు. ఇది నాకు తెలియంది కాదు. కానీ తెలిసినవాణ్ని నేను కార్డు జేబులో పెట్టుకుని ధీమాగా నిలబడ్డాను, రెండంతస్తులు దిగింది నాన్న.

హోటల్ ప్రతూనమ్‌లో. అక్కడ ఇంకో చిన్న అవమానం. డిపాజిట్ కోసం కొత్త క్రెడిట్ కార్డు ఇస్తే డిక్లైన్. మన దగ్గర 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకి విదేశీ వాడకం ఆఫ్‌లోనే వస్తుంది, యాప్‌లోకెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. నేను చేసుకోలేదు. చేద్దామంటే ఓటీపీ రాదు, ఎందుకంటే రోమింగ్ కూడా ఆన్ చేసుకోలేదు. పాత కార్డుతో గండం గట్టెక్కింది. బయల్దేరే ముందు ఇంట్లో సోఫాలో కూర్చుని చేసుకోవాల్సిన పనులివి, మీరైనా చేసుకోండి.

అసలు కథ ఆ సాయంత్రం. రోడ్డు మీద తినడానికి క్యాష్ కావాలి. బండ్ల మీద క్యూఆర్‌లు ఉన్నాయి గానీ మన యూపీఐ యాప్ వాటిని గుర్తుపట్టలేదు. సింగపూర్, శ్రీలంక, నేపాల్ లాంటి కొన్ని చోట్ల యూపీఐ నడుస్తోంది, నేను స్కాన్ చేసిన బండి దగ్గర నడవలేదు. సరేనని పక్కనున్న ఏటీఎంలో కార్డు పెట్టి 10,000 బాట్ కొట్టాను. విదేశీ కార్డు కాబట్టి 220 బాట్ ఫీజు అంది. ఒప్పుకున్నా. తర్వాత ఇంకో స్క్రీన్ వచ్చింది. మన రూపాయల్లో పక్కాగా ఒక అంకె, 28,616. కింద రెండు బటన్లు: కన్వర్షన్ ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు. వెనకాల ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒప్పుకోకపోతే డబ్బులు రావేమో అనిపించింది. ఒప్పుకున్నాను.

రాత్రి హోటల్ వైఫైలో యాప్ తెరిస్తే నాన్న పక్కనుంచి చూశాడు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. "పదివేలకి ఇంతంటే నీకు ఒక్కోటి రెండు రూపాయల ఎనభై ఆరు పైసలు పడింది. నాకు రెండు డెబ్బై పడింది." పేపరు, పెన్ను అక్కర్లేకుండా చెప్పేశాడు. మార్కెట్లో అప్పుడు రేటు 2.60 దగ్గర ఉంది.

జరిగిందేంటంటే, నేను ఒప్పుకోకపోయినా నోట్లు వచ్చేవి. లెక్క బాట్‌లలోనే మన బ్యాంకుకి వెళ్లేది. వీసానో మాస్టర్‌కార్డో తన రేటుకి రూపాయల్లోకి మార్చేది, ఆపైన మన బ్యాంకు మార్కప్ వేసేది. చాలా కార్డులకి అది 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపినా 27,700 లోపు. నేను ఒప్పుకోవడంతో రేటు వేసే పని ఆ ఏటీఎంవాళ్ల చేతికెళ్లింది. రూపాయల్లో చూపించారు కదా అని మన బ్యాంకు చార్జీ తప్పుతుందనీ లేదు, విదేశంలో జరిగిన లావాదేవీ అని కొన్ని బ్యాంకులు ఎంతో కొంత లాగుతాయి. ఫారెక్స్ కార్డు ఉంటే ఈ గొడవ తక్కువే. కాకపోతే అందులో డాలర్లు నింపి బాట్‌లలో గీకితే, మళ్లీ మార్పిడి చార్జీ వేసే కార్డులు చాలా ఉన్నాయి.

ఇదంతా నాన్నకి చెప్పాను. కండక్టర్‌కి సాయంత్రం డిపోలో క్యాష్ తగ్గితే జేబులోంచి కట్టాలి. ఆ అలవాటున్న మనిషి కాబట్టి శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "ఒప్పుకోకపోయినా డబ్బులొస్తాయని అక్కడ రాయలేదా?" అన్నాడు.

"లేదు."

"మరి నువ్వు చేసేవాటిలో రాస్తావా?"

జవాబు చెప్పలేకపోయాను. పోయినేడాది ఒక విదేశీ క్లయింటు కోసం మా టీమ్ ఇలాంటి స్క్రీనే చేసింది. 'మీ కరెన్సీలో చెల్లించండి' ఆకుపచ్చ రంగులో, రెండో బటన్ బూడిద రంగులో. డిజైన్ ఫైల్లో అలాగే ఉంది, అలాగే కోడ్ రాశాను. టెస్ట్ కేసులన్నీ పాస్. ఎవరి నాన్న ఎక్కడ నొక్కుతున్నాడో ఏ టెస్ట్ కేసులోనూ లేదు.

మర్నాడు మాల్‌లో అమ్మకి హ్యాండ్‌బ్యాగ్ కొన్నాం. దుకాణాల్లో ఇంకో తిరకాసు ఉంది, స్వైపింగ్ మెషీన్ అడిగే ప్రశ్నకి జవాబు ఒక్కోసారి క్యాషియరే నొక్కేస్తారు. ఆ అమ్మాయి వేలు మెషీన్ మీదికి వెళ్తుంటే నాన్న "బాట్! బాట్!" అని అరిచాడు, బస్సులో స్టేజీ పేరు పిలిచినట్టు. ఆ అమ్మాయి నవ్వి మెషీన్ మా వైపు తిప్పింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని స్లిప్ మీద టీహెచ్‌బీ అని ఉందో లేదో చూసి, మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకున్నాడు.

ఆఫీసుకి రాగానే రెండు బటన్లూ ఒకే రంగులో ఉండాలని, ఏది నొక్కితే ఏమవుతుందో కింద ఒక లైను రాయాలని టికెట్ వేశాను. ఇంకా బ్యాక్‌లాగ్‌లోనే ఉంది. నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతున్నాడు, "ఆ బటన్ సంగతి ఏమైందిరా?" అని.