అపరిచితుడి చాటున దాగినవాళ్లు

2005లో రెండు సినిమాలు మన ప్రేక్షకులకు మానసిక వైద్యం నేర్పాయి. ‘అపరిచితుడు’లో నోట్లో నాలుక లేని లాయరు రామానుజం గరుడ పురాణం చేతబట్టి జనానికి శిక్షలు వేస్తాడు. ‘చంద్రముఖి’లో కాపురానికొచ్చిన గంగ ఏనాడో చచ్చిపోయిన నర్తకిగా మారిపోతుంది. ఇప్పటికీ పొద్దునొక మాట, సాయంత్రమొక మాట అనేవాణ్ణి ‘వీడో అపరిచితుడు’ అంటున్నాం. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ గురించి మనలో చాలామందికి తెలిసింది ఇంతే: ఒంట్లో ఇద్దరుంటారు, రెండోవాడు ప్రమాదకారి, డాక్టరు హిప్నటైజ్ చేస్తే గుట్టు బయటపడుతుంది, క్లైమాక్సులో నయమైపోతుంది.

సినిమా అన్నాక కాస్త అతి ఉంటుందిలే అని సరిపెట్టుకోవచ్చు. నా పేచీ ఆ అతితో కాదు. జబ్బుకు మూలాన్ని ఈ కథలు ఎక్కడ చూపించాయో గమనించండి. ఒకదాంట్లో సమాజపు నిర్లక్ష్యం, ఇంకోదాంట్లో పాత మహల్లో తాళం వేసిన గది. నిజమైన రోగుల చరిత్రలు తిరగేస్తే మూలం ఎక్కువగా కనిపించేది బాల్యంలో, సొంత ఇంట్లో. లోకంలో చలామణి అవుతున్న అభిప్రాయం ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి, మన చూపును మహలు వైపు తిప్పుతోంది.

‘నేను’ అనే ఒక్కటైన భావం పుట్టుకతో రాదు. ఏడ్చే బిడ్డ, నవ్వే బిడ్డ, జడుసుకున్న బిడ్డ... ఈ పోగులన్నీ ఒక్క నేతగా కుదరాలంటే దగ్గరకు తీసుకునే మనిషి ఉండాలి. ఆ మనిషే ఏళ్ల తరబడి హింసిస్తే? పారిపోయే దారి ఉండదు, ఎదిరించే బలం ఉండదు, అన్నం పెట్టే చేతిని కాదనుకుని బతికే వీలూ ఉండదు. అప్పుడు మనసు తెలిసినదాన్ని తన నుంచే దాచేయడం నేర్చుకుంటుంది. పొద్దున బడికెళ్లే పిల్లకు రాత్రి సంగతి తెలియదు. రాత్రిని మోసే పిల్ల విడిగా ఉండిపోతుంది. బాధాకరమైన జ్ఞాపకాలు మామూలు స్పృహ నుంచి విడిపోయి తమ దారిన తాము పనిచేయడాన్ని ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త పియేర్ జానే 1889లోనే వర్ణించాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన రోగ నిర్ధారణ గ్రంథం ప్రకారం అమెరికా, కెనడా, యూరప్‌లలో ఈ రోగుల్లో దాదాపు 90 శాతం మంది బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనవాళ్లే.

అది వాళ్ల దేశాల సంగతి అనేవాళ్లు ఇంకో లెక్క చూడాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో నివేదిక వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదురైందని 53 శాతం మంది చెప్పారు. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. దెబ్బతిన్న ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రాదు. కానీ ఈ జబ్బు వచ్చిన మనిషిని చూసి ‘ఎవరు ఆవహించారు’ అని ఆరా తీసే మనం, చిన్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందని అడగం.

పైగా ఈ జబ్బు తెర మీద చూపినట్టు ఊగిపోదు, ఒదిగి ఒదిగి ఉంటుంది. బీరువాలో తాను కొన్న గుర్తులేని చీర. నిన్న నువ్వే అన్నావు కదా అని భర్త నిలదీస్తే తెల్లబోయిన ముఖం. తలలో వాదులాడుకునే గొంతులు, పగటిపూట మాయమైపోయిన గంటలు. మార్పు జరిగినా చాలాసార్లు పక్కనున్నవాళ్లకు తెలియదు. రోగే సర్దుకుంటుంది, ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుతుంది. గొంతులు వినిపిస్తున్నాయంటే స్కిజోఫ్రినియా అని మందులు రాసేవాళ్లూ ఉన్నారు. అది పూర్తిగా వేరే జబ్బు, దానికీ రెండు వ్యక్తిత్వాలకూ సంబంధం లేదు. ఇక ప్రమాదం సంగతి. ఆసుపత్రికి వచ్చిపోయే ఈ రోగుల్లో 70 శాతానికి పైగా ఆత్మహత్యా యత్నం చేసినవాళ్లేనని అమెరికా వైద్యుల ఆ గ్రంథమే చెబుతోంది. కత్తి ఊరి మీదికి లేవదు, తన చేతి మీదికే లేస్తుంది.

పల్లెలో దీన్నే గాలి సోకిందంటారు. ఆ మాటను వెటకారం చేసే హక్కు నగరానికి లేదు. పూనిన రూపంలో కూడా ఈ జబ్బు బయటపడవచ్చని 2013 నాటి నిర్ధారణ సూత్రాలు ఒప్పుకున్నాయి. బోనాల మర్నాడు రంగంలో భవిష్యవాణి చెప్పే స్త్రీని మాత్రం ఎవరూ రోగి అనరు, అనకూడదు. అది సంప్రదాయం ఒప్పుకున్న వేళకు వచ్చి, ఆ వేళకే ముగుస్తుంది. కోరకుండా వచ్చి బతుకును చెడగొట్టే పూనకం వేరు. అక్కడ వేపమండలతో బాదడం పాత హింస మీద కొత్త హింస.

ఈ జబ్బంతా నాటకం అనేవాళ్లు ఇంకో రకం. వాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ‘సిబిల్’. 1973లో అమెరికాలో వచ్చిన ఈ పుస్తకంలోని 16 వ్యక్తిత్వాల కథ లక్షల ప్రతులు అమ్ముడైంది, టీవీ సినిమా అయింది, ఆ తర్వాత ఇలాంటి కేసులు ఉన్నట్టుండి పెరిగాయి. ఆ కథలో చాలావరకు వైద్యురాలు, రచయిత్రి, రోగి కలిసి అల్లిందేనని పాత్రికేయురాలు డెబీ నేథన్ 2011లో రాసింది. ఈ విమర్శ బలమైనదే. హిప్నాసిస్‌తో, సూచనలతో లేని జ్ఞాపకాలను పుట్టించవచ్చన్నది నిజం. అయితే దానివల్ల తేలేది ఏమిటి? తమాషా కోసం తవ్వే వైద్యం ప్రమాదమని. జబ్బే లేదని కాదు. నిజమైన రోగులనూ, వాళ్లలా నటించమని చెప్పినవాళ్లనూ స్కానింగులో పోల్చి చూసిన పరిశోధకురాలు సిమోన్ రైండర్స్ బృందానికి ఇద్దరి మెదళ్లు ఒకేలా పనిచేస్తున్నట్టు కనబడలేదు.

నిజమైన చికిత్సకు క్లైమాక్సు ఉండదు. ఈ రంగంలోని నిపుణుల అంతర్జాతీయ సంఘం 2011లో సవరించిన మార్గదర్శకాలు మూడు దశలు చెబుతాయి. ముందు భద్రత: ఆత్మహత్య ఆలోచనలు తగ్గాలి, నిద్ర కుదరాలి, ఇంట్లో ఇప్పటికీ హింస సాగుతుంటే అది ఆగాలి. ఆ తర్వాతే, రోగి తట్టుకోగలిగినంత మేర పాత గాయం గురించి మాట్లాడటం. చివరగా విడిపోయిన భాగాలు ఒకదానినొకటి ఎరిగి, ఒక్కటిగానో ఒకరికొకరు తోడుగానో బతకడం. దీనికి ఏళ్లు పడతాయి. ఈ జబ్బుకంటూ ప్రత్యేకమైన మందు లేదు. దిగులుకూ ఆందోళనకూ మాత్రం మందులిస్తారు. సినిమాలో డాక్టరు తరిమేసే ఆ కోపిష్టి భాగాన్ని ఇక్కడ తరమరు. ఎవరూ అడ్డుపడని రోజున ఆ పిల్లకు అడ్డుపడింది అదే కనుక దాన్ని కూర్చోబెట్టి వింటారు.

సినిమా, భూతవైద్యం, నాటకమనే తీర్పు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. ఒక్క విషయంలో మూడింటికీ సయోధ్య ఉంది: ఇంటి పెద్దలను ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. పరువు నిలబడుతుంది, పిల్ల మాత్రం పిచ్చిదవుతుంది. రోగి జ్ఞాపకాలను తవ్వడం మన పని కాదు, అది వైద్యులు ఆచితూచి చేయాల్సింది. మన పని వేరే. పిల్ల ‘మామయ్య దగ్గరికి వెళ్లను’ అంటే గదమాయించకుండా ఎందుకని అడగడం, చెప్పిన జవాబు నమ్మడం, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడం. ఎదిగిన మనిషి పగళ్లు మాయమవుతున్నాయని చెబితే తాయత్తు కట్టకుండా మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలి మానస్‌కు ఫోన్ చేసి, సైకియాట్రిస్టు దగ్గరికి తోడు వెళ్లడం. మొదటి పని సరిగ్గా చేసిన ఇళ్లలో రెండో పని పడే అవకాశం తగ్గుతుంది.